ఇంటి ముంగిట ఉత్తరాల పెట్టె

దేశంలో ఒక మూల నుంచి మరొక మూలకు ఉత్తరం చేసే ప్రయాణం సుదీర్ఘమైనది. రైలు, విమానం, మోటారు బండి, సైకిలు, కాలినడక అనే సాధనాలన్నీ ఆ ప్రయాణంలో పాలుపంచుకుంటాయి. ఇన్ని వందల మైళ్లు క్షేమంగా సాగివచ్చిన ఉత్తరం చిట్టచివరి రెండు గజాల దూరంలో వానకు తడిసిపోవడమో, గాలికి కొట్టుకుపోవడమో, పొరుగువారి గుమ్మంలో పడడమో కద్దు. ఆ చివరి రెండు గజాల బాధ్యతను వహించేది ఇంటి ముందున్న ఉత్తరాల పెట్టె. అది చిన్న వస్తువే. అయితే ఒక విద్యార్థికి కళాశాల ప్రవేశపత్రం, ఒక నిరుద్యోగికి ఇంటర్వ్యూ పిలుపు, ఒక వృద్ధునికి పింఛను కాగితం సకాలంలో చేరడం, చేరకపోవడం ఆ చిన్న వస్తువు మీద ఆధారపడి ఉన్నప్పుడు, దాని రూపకల్పనను గూర్చి శ్రద్ధగా ఆలోచించడం అవసరమే అవుతుంది.

ఇందుకు దేశ రాజధానిలోని జనక్‌పురి మంచి ఉదాహరణ.

జనక్‌పురి చిరునామాలు

పశ్చిమ ఢిల్లీలో పంఖా రోడ్డును ఆనుకొని ఉన్న జనక్‌పురి, 1957లో ఏర్పడిన ఢిల్లీ అభివృద్ధి ప్రాధికార సంస్థ చేపట్టిన పెద్ద నివాస పథకాలలో ఒకటి. 1970వ దశకంలో ఈ కాలనీ రూపుదిద్దుకున్నది. పాత ఢిల్లీలోని గల్లీలకు, కటరాలకు శతాబ్దాల నాటి పేర్లున్నాయి. ఇంటివారి పేరు, వీధి పేరు చెబితే అక్కడ పోస్టుమాన్ ఇల్లు గుర్తుపట్టేవాడు. కొత్తగా వెలసిన కాలనీలో అటువంటి జ్ఞాపకానికి తావు లేదు. అందుచేత ఇక్కడ చిరునామా అంతా అక్షరాలతో, అంకెలతో నడుస్తుంది. కాలనీని ఏ, బి, సి, డి అనే బ్లాకులుగా విభజించారు. ఆ బ్లాకులకు మళ్లీ ఉపవిభాగాలు. ఉపవిభాగాల లోపల ఇంటి సంఖ్యలు. ఒక అక్షరం తారుమారైతే ఉత్తరం మరొక వీధికి పోతుంది.

ఇక్కడి నివాసాలు ప్రధానంగా రెండు విధాలు. స్థలం తీసుకొని సొంతంగా కట్టుకొన్న ఇళ్లు ఒక విధం. వీటికి ముందు ప్రహరీ గోడ, ఇనుప గేటు ఉంటాయి. ఒకే మెట్లదారి చుట్టూ అంతస్తులుగా అమరిన ఫ్లాట్లు రెండవ విధం. మొదటి దానిలో ఒక గేటుకు ఒక కుటుంబమనే లెక్క క్రమంగా మారి, అంతస్తుకొక కుటుంబం చేరింది. రెండవ దానిలో మొదటినుంచీ ఒక మెట్లదారికి అనేక కుటుంబాలున్నాయి. కనుక ఉత్తరాల పెట్టె సమస్య కూడా రెండు విధాలుగానే ఎదురవుతుంది.

జనక్‌పురి జనాభాకు మరొక విశేషమున్నది. ఉద్యోగాలకోసం, వ్యాపారాలకోసం ఢిల్లీకి వచ్చిన పంజాబీ, తమిళ, మలయాళ, వంగ, తెలుగు కుటుంబాలు ఇక్కడ పక్కపక్కనే నివసిస్తున్నాయి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో 1948లో ఢిల్లీలో స్థాపితమైన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ నడుపుతున్న పాఠశాలల్లో ఒకటి జనక్‌పురిలో ఉండడం ఇందుకు ఒక నిదర్శనం. ఇన్ని ప్రాంతాలవారికి వచ్చే ఉత్తరాలు ఇన్ని ప్రాంతాలనుంచి వచ్చేవే. అమ్మమ్మ చేతివ్రాతతో తెలుగులోనో, తమిళంలోనో వ్రాసిన చిరునామాను హిందీ చదివే పోస్టుమాన్ ఎట్లా పోల్చుకోవాలి?

ఆరంకెల సమాధానం

ఈ ప్రశ్నకు 1972 ఆగస్టు 15వ తేదీన దేశమంతటికీ ఒక సమాధానం లభించింది. అదే పిన్‌కోడ్. కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రిత్వశాఖలో ఉన్నతాధికారిగా పనిచేసిన శ్రీరామ్ భికాజీ వెలన్‌కర్ దీని రూపకర్త. ఆయన సంస్కృత కవి కూడా కావడం విశేషం. ఒకే పేరుగల ఊళ్లు అనేకం ఉండడం, చిరునామాలు అనేక భాషలలో, అనేక లిపులలో వ్రాయబడడం అనే రెండు చిక్కులను ఈ ఆరంకెలు ఒకేసారి విడదీశాయి. రామచంద్రాపురం అన్న పేరు గోదావరి తీరంలోనూ ఉన్నది, హైదరాబాదు సమీపంలోనూ ఉన్నది. పేరు ఒకటే అయినా అంకెలు వేరు.

పిన్‌కోడ్‌లో మొదటి అంకె ప్రాంతాన్ని, రెండవది ఉపప్రాంతాన్ని, మూడవది ఉత్తరాలను వేరుచేసే జిల్లాను తెలియజేస్తాయి. చివరి మూడంకెలు ఉత్తరం బట్వాడా చేసే తపాలా కార్యాలయానివి. ఒకటితో మొదలయ్యేవి ఉత్తర భారతానివి. అయిదుతో మొదలయ్యేవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలవి. తొమ్మిది సైనిక తపాలాకు కేటాయించబడింది. 110058 అన్న అంకెలు చూడగానే అది ఢిల్లీలోని జనక్‌పురి అని, ఏ భాష మాట్లాడే ఉద్యోగి అయినా గ్రహించగలడు.

అయితే పిన్‌కోడ్ ఉత్తరాన్ని తపాలా కార్యాలయం వరకే చేర్చగలదు. అక్కడినుంచి గుమ్మం వరకు చేర్చవలసినది పోస్టుమాన్. గుమ్మం ముందు దానిని అందుకొనవలసినది పెట్టె.

వీధి పెట్టె పుట్టుపూర్వోత్తరాలు

ఉత్తరాల పెట్టెలు రెండు రకాలన్న సంగతిని ఇక్కడ గుర్తుంచుకోవాలి. ప్రజలు తాము వ్రాసిన ఉత్తరాలను వేసేందుకు తపాలా శాఖ వీధిలో నిలిపేది ఒకటి. తమకు వచ్చే ఉత్తరాలను అందుకొనేందుకు ఇంటివారు అమర్చుకొనేది రెండవది. వీటిలో మొదటిదానికి చరిత్ర ఎక్కువ.

1653లో పారిస్ నగరంలో రెనువార్ ద విలాయే అనే వ్యక్తి వీధుల్లో ఉత్తరాల పెట్టెలు నెలకొల్పినట్లు చరిత్ర చెబుతున్నది. ఆ ప్రయత్నం ఎక్కువకాలం సాగలేదు. తరువాత రెండు శతాబ్దాలకు, బ్రిటిష్ తపాలా శాఖలో ఉద్యోగి, నవలా రచయిత అయిన ఆంథొనీ ట్రాలప్ సూచనపై 1852లో జెర్సీ ద్వీపంలో స్తంభాకారపు పెట్టెలు నిలిపారు. తొలినాటి పెట్టెలలో పెక్కింటికి ఆకుపచ్చ రంగు వేశారు. పచ్చిక మధ్య అవి కంటికి ఆనకపోవడంతో 1874 నుంచి ఎరుపు రంగును అనుసరించారు. అలంకారం కంటే కంటికి కనిపించడమే ముఖ్యమన్న పాఠం తపాలా పెట్టెల చరిత్రలో ఆ విధంగా మొదటనే నేర్చుకొనవలసివచ్చింది.

మన దేశంలో 1854 తపాలా చట్టంతో దేశవ్యాప్తమైన తపాలా వ్యవస్థ స్థిరపడింది. పోతయినుముతో చేసిన ఎర్రని పెట్టెలు క్రమంగా పట్టణాలకు, పల్లెలకు వ్యాపించాయి. కాని అన్ని సంస్థానాలూ ఆ వ్యవస్థలో భాగం కాలేదు. నిజాం పాలనలోని హైదరాబాదుకు సొంత తపాలా, సొంత బిళ్లలు ఉండేవి. 1950లో అవి భారత తపాలా శాఖలో విలీనమయ్యాయి. తిరువాన్కూరులో అంచల్ అనే తపాలా నడిచేది. శంఖం ముద్రగల ఆకుపచ్చని అంచల్ పెట్టెలు కొన్ని కేరళలో ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. అంచల్ కూడా 1951లో భారత తపాలాలో లీనమయింది. రాజకీయ ఏకీకరణ పటాలపై ఎంత స్పష్టంగా కనిపించిందో, వీధి మూలనున్న పెట్టె మీద కూడా అంత స్పష్టంగానే కనిపించిందన్నమాట. ఈ పెట్టెల చరిత్రకు గుర్తుగా తపాలా శాఖ 2005లో వాటి చిత్రాలతో బిళ్లలను వెలువరించింది.

వీధి పెట్టె మీద ఉత్తరాలు తీసే వేళను తెలిపే పలక ఒక చక్కని ఏర్పాటు. దానిని చూసి, తన ఉత్తరం ఈ పూట వెళ్తుందో, రేపు వెళ్తుందో సామాన్యుడు లెక్కకట్టుకోగలిగేవాడు. నేటి కాలంలో పెట్టె లోపల అంటించిన గీతల సంకేతాన్ని ఉద్యోగి సెల్‌ఫోనుతో చదివించి, తీసిన వేళను నమోదుచేసే పద్ధతి కూడా వచ్చింది.

బకెట్ల నుంచి సొరంగపు పెట్టె వరకు

ఇంటి పెట్టె విషయంలో అమెరికా అనుభవం తెలుసుకోదగినది. అక్కడ 1896లో పల్లెటూళ్లలోని పొలాల ఇళ్లకు ఉచితంగా తపాలా బట్వాడా ప్రారంభమయింది. అంతవరకు రైతులు బండి కట్టుకొని తపాలా కార్యాలయానికి పోయి ఉత్తరాలు తెచ్చుకొనేవారు. బట్వాడా దారి పక్కకే రాగానే, వారు చేతికందిన వస్తువునెల్లా పెట్టెగా మార్చారు. కొవ్వు బకెట్లు, సబ్బుల పెట్టెలు, పాత డబ్బాలు గుంజలకు వేలాడాయి. వీటిలో ఉత్తరాలు తడిసిపోయేవి. కొన్ని అంచులు తగిలి తపాలా ఉద్యోగుల చేతులు గీసుకుపోయేవి. దానితో తపాలా శాఖ పెట్టెలకు కొలతలు, నియమాలు నిర్ణయించవలసివచ్చింది. 1915లో ఆ శాఖ ఇంజనీరు రాయ్ జోరల్‌మన్ పైన గుండ్రంగా, అడుగున సమంగా ఉండే సొరంగం ఆకారపు పెట్టెను రూపొందించాడు. వాన నీరు నిలవకుండా రెండు పక్కలకు జారిపోవడం దాని సుగుణం. పక్కన ఎగిరే చిన్న జెండా, తీసుకుపోవలసిన ఉత్తరం లోపల ఉన్నదని సూచిస్తుంది. శతాబ్దం గడచినా ఆ ఆకారం అక్కడ చెక్కుచెదరలేదు.

ఈ నియమాల లోపలనే అమెరికన్లు ఎన్నో విచిత్రాలు సృష్టించారు. చేప నోరు తెరచినట్లు, ట్రాక్టరు నిలచినట్లు, తమ ఇంటికే చిన్న నమూనా అన్నట్లు పెట్టెలు చేసుకొన్నారు. కాని కల్పనకు హద్దులున్నాయి. దారి పక్క పెట్టె అడుగుభాగం రోడ్డు మట్టం నుంచి 104 మొదలు 114 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. సొంతంగా తయారుచేసిన పెట్టెను స్థానిక పోస్టుమాస్టరు ఆమోదించాలి. గుంజ కూడా మరీ దృఢంగా ఉండరాదని సలహా ఇస్తారు. వాహనం అదుపుతప్పి తగిలితే గుంజ ఒరిగిపోవాలే గాని, వాహనంలోని మనిషి ప్రాణానికి ముప్పు రాకూడదన్నది అందులోని ఆంతర్యం. వినోదం వస్తువుకు శోభ తేవచ్చు. క్షేమం మాత్రం వినోదానికి లోబడదు.

ఐరోపా దేశాలు ఇంటి పెట్టెలకు ఒక ఉమ్మడి ప్రమాణాన్ని ఏర్పరచుకొన్నాయి. దాని ప్రకారం ఉత్తరం వేసే సందు ఎత్తు 30 నుంచి 35 మిల్లీమీటర్లు మాత్రమే ఉండాలి. పత్రిక దూరాలి, చెయ్యి దూరకూడదు. వాన నీరు లోనికి పోకుండా ఉన్నదా అన్న పరీక్ష కూడా పెట్టెకు జరుగుతుంది.

ఢిల్లీ వాతావరణానికి తగిన పెట్టె

ఈ అనుభవాలనన్నిటినీ జనక్‌పురి గేటుకు యథాతథంగా తగిలించలేము. ఢిల్లీలో మే, జూన్ నెలల్లో ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. దుమ్ముతో కూడిన ఆంధీ వీస్తుంది. జూలై నుంచి సెప్టెంబరు వరకు వానలు. చలికాలంలో మంచు. ఈ నాలుగింటినీ తట్టుకొనేదే ఇక్కడ మంచి పెట్టె.

మొదటిది పరిమాణం. పోస్టుకార్డు పొడవు 14, వెడల్పు 9 సెంటీమీటర్లు. ఒకప్పుడు కార్డుకూ ఇన్లాండు కవరుకూ సరిపోయేంత పెట్టె చాలునని భావించేవారు. నేడు వచ్చేవాటిలో పెద్ద కవర్లు, పత్రికలు ఎక్కువ. మడవని కాగితాలు పట్టే పెద్ద కవరు సుమారు 23 సెంటీమీటర్ల వెడల్పు, 32 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. కనుక సందు వెడల్పు 25 సెంటీమీటర్లు, సందు నుంచి అడుగు వరకు లోతు 35 సెంటీమీటర్లు ఉంటే, కవరు మడత పడకుండా పూర్తిగా లోపలికి దిగుతుంది. సగం బయటకు వేలాడే కవరు వానకూ, దొంగకూ ఒకేవిధంగా అనుకూలం.

రెండవది పైకప్పు. అది ముందుకు వాలుగా ఉండి, అంచు మూడు నాలుగు సెంటీమీటర్లు బయటకు రావాలి. పెంకుటింటి చూరు చేసే పనినే ఇది చేస్తుంది. సందుకు పైనుంచి వేలాడే రేకు మూత అమర్చితే, ఆంధీ దుమ్ము చొరదు. అడుగున రెండు చిన్న రంధ్రాలుంటే, పొరపాటున చేరిన నీరు కారిపోతుంది. పెట్టెను గోడకు పూర్తిగా ఆనించక, వేలెడు సందు విడిస్తే గోడలోని చెమ్మ కాగితాలకు సోకదు.

మూడవది చోటు. గేటు రెక్కకు తగిలించిన పెట్టె గేటు మూసినప్పుడల్లా అదురుతుంది, బిగింపులు వదులవుతాయి. గేటు స్తంభంలో అమర్చినది స్థిరంగా నిలుస్తుంది. ఉత్తరం వేసే సందు వీధివైపు, తీసుకొనే తలుపు లోపలివైపు ఉండే పెట్టె అన్నిటికంటే మేలు. పోస్టుమాన్ గేటు తెరువనవసరం లేదు. కాపలా కుక్కకు భయపడనవసరం లేదు. ఇంటివారు తాళం తీసుకొని వీధిలోకి రానవసరం లేదు. పెట్టె రొమ్ము ఎత్తుకు మించకుండా ఉంటే వృద్ధులకు, చక్రాల కుర్చీలో కదిలేవారికి కూడా అందుతుంది.

నాలుగవది పదార్థం. జస్తా పూత పూసిన ఇనుప రేకు చవక, మన్నిక. రంగు వేసే ముందు తుప్పును నివారించే పూత వేయాలి. ముదురు రంగు ఎండలో వేడెక్కుతుంది, లేతరంగు మేలు. టేకు కర్రతో చేసినవి అందంగా ఉంటాయి గాని ఏటా వార్నిషు కోరతాయి. తయారీకి పెద్ద కర్మాగారం అక్కరలేదు. గేట్లు, కిటికీ చువ్వలు చేసే వెల్డింగు దుకాణం చాలు.

ఇక్కడ ఒక అతిథిని గూర్చి కూడా చెప్పుకోవాలి. వాడకంలేని పెట్టె సందులో పిచ్చుక గూడు కట్టుకుంటుంది. 2012లో ఢిల్లీ ప్రభుత్వం పిచ్చుకను రాష్ట్రపక్షిగా ప్రకటించింది. సందుకు మూత ఉన్న పెట్టెను ఉత్తరాలకు ఉంచి, పక్కనే గుండ్రని రంధ్రమున్న చిన్న గూటిపెట్టెను అమర్చితే ఇద్దరికీ తగవుండదు. ఒకే స్తంభంపై ఈ రెండింటినీ కలిపి రూపొందించడం విద్యార్థులకు మంచి అభ్యాసం.

మెట్లకింది పెట్టెలు

ఫ్లాట్లలో సమస్య వేరు. ప్రతి అంతస్తుకూ మెట్లెక్కి దిగడం బరువైన సంచి మోసే పోస్టుమాన్‌కు ఎంత శ్రమో చెప్పనవసరం లేదు. ఎత్తయిన భవనాలలో నేల అంతస్తున ఉత్తరాల పెట్టెలు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి కూడా సూచిస్తున్నది. ఒకే చట్రంలో వరుసలుగా అమరిన పెట్టెలు ఇందుకు అనువైనవి. పై అంతస్తు వారి పెట్టెలు పై వరుసలో, కింది వారివి కింది వరుసలో ఉంచితే, భవనం నమూనాయే పెట్టెల పట్టికలో కనిపిస్తుంది. కొత్త పోస్టుమాన్ కూడా తడుముకోడు.

ఈ చట్రాన్ని విద్యుత్ మీటర్లకు దూరంగా, పగటి వెలుతురు పడే చోట నిలపాలి. ఒక్కొక్క పెట్టెకు వేరు తాళం ఉండాలి. తలుపులో చిన్న రంధ్రాల వరుస ఉంటే ఉత్తరం వచ్చిందీ లేనిదీ తాళం తీయకుండానే తెలుస్తుంది. అన్నిటికంటే కష్టమైనది ఉమ్మడి నిర్వహణ. ఇల్లు ఖాళీచేసి పోయినవారి పేరు తొలగక, కొత్తగా వచ్చినవారి పేరు చేరక, తాళం విరిగి, ప్రకటనల కాగితాలతో నిండిన పెట్టె ఎవరిదీ కాని పెట్టె అవుతుంది. అటువంటి దానిలో పడిన బ్యాంకు కాగితం తప్పు చేతులకు చిక్కవచ్చు. ఏడాదికొకసారి నివాసుల సంఘం పేర్లను సరిచూసి, తాళాలను బాగుచేయించే ఏర్పాటు అందుచేత అవసరం.

పెట్టె మీది పేరు

పెట్టె మీద ఉండవలసినవి మూడు: ఇంటి సంఖ్య, కుటుంబం పేరు, అవసరమైతే అంతస్తు. సంఖ్య దూరానికి కనిపించేంత పెద్దదిగా, నేపథ్యానికి భిన్నమైన రంగులో ఉండాలి. పేరు విషయంలోనే మన దేశపు వైవిధ్యం గోచరిస్తుంది. తెలుగువారు ఇంటిపేరును ముందు వ్రాస్తారు. పంజాబీలు చివర వ్రాస్తారు. తమిళులలో పెక్కుమంది తండ్రి పేరు మొదటి అక్షరాన్ని ముందు చేర్చుకొంటారు. ఒకే కుటుంబంలో భర్త, భార్య, పిల్లల పేర్లకు ఉమ్మడి భాగం లేకపోవడం కూడా సాధారణమే. కనుక పెట్టె మీద ఇంటి యజమాని పేరొక్కటే చాలదు. ఉత్తరాలు రాగల వారందరి పేర్లు ఉండడం ఉచితం. అద్దెకున్న విద్యార్థి పేరు, ఉద్యోగం చేసే కోడలి పేరు, ఊరినుంచి వచ్చి ఉంటున్న నాయనమ్మ పేరు అందులో చోటుచేసుకోవాలి. పేరు పోస్టుమాన్ చదవగల లిపిలో ఉండి, తోడుగా మాతృభాషలో కూడా ఉంటే అంతకంటే కావలసినదేమున్నది?

అలంకారానికి మన హస్తకళలు అక్షయనిధి. నిర్మల్ వర్ణచిత్రాల లతలు, చేర్యాల బొమ్మల కథలు, ఏటికొప్పాక లక్క రంగులు, బీహారు మధుబని చేపలు, మహారాష్ట్ర వార్లీ గీతలు పెట్టె ముఖాన చక్కగా ఒదుగుతాయి. 2014లో జనక్‌పురిలోనే ప్రారంభమైన ఢిల్లీ హాట్ వివిధ రాష్ట్రాల కళాకారులకు వేదికగా ఉన్నది. కన్ను తృప్తిపడేటట్లు అలంకరించవచ్చును గాని, సంఖ్యను కప్పే పువ్వు, సందును మూసే చిలుక తగవు.

మారుతున్న తపాలా

ఉత్తరాలు తగ్గిన మాట నిజమే. కుశలప్రశ్నలు టెలిఫోనుకు, సెల్‌ఫోనుకు మారాయి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు సేవ స్పీడ్ పోస్టులో విలీనమయింది. సంతకం తీసుకొని ఇచ్చే వస్తువులు ఎట్లాగూ పెట్టెలో పడవు. అయినా బ్యాంకు, బీమా, పన్ను, న్యాయస్థానం, విశ్వవిద్యాలయం, చందా పత్రికలు కాగితాన్ని ఇంకా వదలలేదు.

చిరునామాలోనూ కొత్త దశ వచ్చింది. హైదరాబాదులోని ఐ.ఐ.టి., జాతీయ దూరసంవేదన కేంద్రాల సహకారంతో తపాలా శాఖ 2025 మే నెలలో డిజిపిన్ అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఇది దేశ భూభాగాన్ని సుమారు నాలుగు మీటర్ల చదరపు గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడికి పది అక్షరాల, అంకెల సంకేతాన్ని ఇస్తుంది. పిన్‌కోడ్ తపాలా కార్యాలయాన్ని చూపితే, డిజిపిన్ గుమ్మాన్నే చూపుతుంది. కాని ఒకే గడిపై నాలుగు అంతస్తులు ఉన్నప్పుడు ఏ అంతస్తన్నది ఆ సంకేతం చెప్పదు. జనక్‌పురి మెట్లదారి వద్ద ఉత్తరాన్ని దాని మనిషికి చేర్చేది చివరకు పెట్టె మీది పేరే.

పాఠశాలల్లో వృత్తివిద్య తరగతులకు ఇంతకంటే అనువైన వస్తువు అరుదు. కొలత, రేకుపని, రంగు, లిపి, పౌరధర్మం అన్నీ ఇందులో ఇమిడి ఉన్నాయి. ఒక తరగతి విద్యార్థులు తమ వీధిలోని పెట్టెలను పరిశీలించి, ఎన్నిటికి సంఖ్య కనిపిస్తున్నది, ఎన్నిటికి వాన రక్షణ ఉన్నది, ఎన్నిటికి తాళం పనిచేస్తున్నది అని పట్టిక తయారుచేయవచ్చు. లోపాలున్న చోట ఒక మంచి నమూనాను చేసి చూపవచ్చు. అపరిచితుడైన పోస్టుమాన్ చేతిలోని ఉత్తరం, ఏ భాషలో వ్రాసినదైనా, ఏ రాష్ట్రం నుంచి వచ్చినదైనా, తడవకుండా, తప్పిపోకుండా సరైన మనిషిని చేరుకొంటే ఆ నమూనా సఫలమైనట్లే.